పనిపిల్లల మాట పంచాయతీ దాకా

జూన్ 12న జిల్లా కేంద్రాల్లో ర్యాలీ తీస్తారు. ముందు బ్యానరు, వెనక యూనిఫాం వేసుకున్న బడిపిల్లలు, జెండా ఊపడానికి కలెక్టరో ఎమ్మెల్యేనో. తర్వాత సభ, జ్యోతి ప్రజ్వలన, ప్రతిజ్ఞ, బిస్కెట్ ప్యాకెట్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002లో మొదలుపెట్టిన బాలకార్మిక వ్యతిరేక దినం మన దగ్గర దాదాపు ఇలాగే గడిచిపోతుంది. వేదిక మీద నాయకులుంటారు, కింద బడికెళ్లే పిల్లలుంటారు. పనికెళ్లే పిల్లలు ఆ పూటా పనిలోనే ఉంటారు.

పనిచేసే పిల్లల్ని, నిర్ణయాలు చేసే పెద్దల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే ఏమవుతుందన్న ప్రశ్న ఈ దినం కంటే పాతది. దానికి జవాబు కోసం కర్ణాటక తీరంలో, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో, బొలీవియాలోని లా పాజ్‌లో, జెనీవా మందిరాల్లో రకరకాల ప్రయత్నాలు జరిగాయి. కొన్ని ఫలించాయి, కొన్ని ఫొటోల దగ్గరే ఆగిపోయాయి. ఈ ముప్పయ్యేళ్ల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లలు కలిసిన నాయకుడు ఎంత పెద్దవాడన్నది పెద్ద లెక్కలోకి రాలేదు. వాళ్లు మళ్లీ వెళ్లి నిలదీయగలిగినంత దగ్గర్లో ఆ నాయకుడు ఉన్నాడా లేదా అన్నదే ఫలితాన్ని తేల్చింది.

అడగకుండా చేసిన మేలు

ముందుగా పిల్లల్ని ఎవరూ అడగని సందర్భం ఒకటి. 1992లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్, పిల్లలు తయారుచేసిన సరుకు దిగుమతిని నిషేధించాలంటూ బిల్లు పెట్టారు. ఆ బిల్లు చట్టం కాలేదు. కానీ దాని పేరు వినగానే బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీల యజమానులకు వణుకు పుట్టింది. ఎగుమతులు ఎక్కడ ఆగిపోతాయోనని దాదాపు 50 వేల మంది పిల్లల్ని పనిలోంచి తీసేశారు. చాలామంది ఆడపిల్లలే.

వాళ్లు బడికి వెళ్లారా అంటే, లేదు. బడి ఎక్కడుందో, అక్కడ చోటుందో లేదో, ఇంట్లో ఆ జీతం ఆగిపోతే పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరూ కనుక్కోలేదు. కొందరు రాళ్లు కొట్టే పనికి, కొందరు వీధుల్లో చిల్లర అమ్మకాలకు, కొందరు వ్యభిచారంలోకి వెళ్లారని యూనిసెఫ్ 1997 నాటి తన వార్షిక నివేదికలో రాసింది. ఫ్యాక్టరీ కంటే ఘోరమైన చోట్లవి. 1995 జులైలో అక్కడి దుస్తుల ఎగుమతిదారుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి ఒప్పందం చేసుకుని, మిగిలిన పిల్లలకు బడులు, నెలనెలా కొంత డబ్బు ఏర్పాటు చేశాయి. అప్పటికే చాలామంది జాడ లేకుండా పోయారు.

కుందాపురంలో పది మాటలు

ఆ మరుసటి ఏడాది, 1996 చివర్లో, కర్ణాటక తీరంలోని కుందాపురంలో 33 దేశాల నుంచి పనిచేసే పిల్లల ప్రతినిధులు సమావేశమయ్యారు. పనిపిల్లల తొలి అంతర్జాతీయ సమావేశం అదే. అక్కడికి వచ్చినవాళ్ల వెనక సంఘాలున్నాయి. పెరూలో మాంథోక్ అనే పనిపిల్లల సంఘం 1976లోనే పుట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో ఇళ్లల్లో పనిచేసే అమ్మాయిలు, వీధుల్లో అమ్ముకునే పిల్లలు 1994లో ఐవరీకోస్ట్‌లోని బువాకేలో కలిసి పన్నెండు హక్కుల జాబితా రాసుకున్నారు. బెంగళూరులోని ‘కన్సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్’ సంస్థ అండతో 1990లో భీమసంఘ ఏర్పడింది. కుందాపురంలో ఆతిథ్యం ఇచ్చింది వాళ్లే.

సమావేశం చివర పిల్లలు పది అంశాల ప్రకటన చేశారు. తమ బాధల్నీ, తమ ప్రయత్నాల్నీ గుర్తించాలన్నారు. తమ గురించి చేసే ప్రతి నిర్ణయంలో తమను అడగాలన్నారు. మంచి వైద్యం, తమ బతుకుకు పనికొచ్చే చదువు, చేతిపనుల్లో శిక్షణ కోరారు. తమను పనిలోకి నెట్టిన పేదరికం సంగతి ముందు చూడమన్నారు. ఊళ్లు వదిలి పోనక్కర్లేకుండా పల్లెల్లోనే ఏదైనా చేయమన్నారు. వీటిలో పెద్దలకు మింగుడుపడనివి రెండు. పిల్లలు చేసిన సరుకును బహిష్కరించొద్దన్నది ఒకటి. దోపిడీ వద్దు గానీ చదువుకు, ఆటకు తీరిక మిగిలేలా గౌరవంగా చేసుకునే పని కావాలన్నది రెండోది. బంగ్లాదేశ్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు మొదటిది ఆశ్చర్యం కలిగించదు. రెండోదాని మీద మాత్రం వాదన నేటికీ తెగలేదు.

పిల్లల మాటకు చట్టంలో చోటు ఎంత ఇరుకో ఢిల్లీలో తేలింది. వీధిబాలల మధ్య పనిచేసే బటర్‌ఫ్లైస్ సంస్థ సాయంతో 1990ల మొదట్లో అక్కడి పనిపిల్లలు బాల మజ్దూర్ యూనియన్ పెట్టుకున్నారు. రిజిస్టర్ చేయించుకోబోతే కుదరలేదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం పదిహేనేళ్లు నిండనివాళ్లకు సభ్యత్వం ఉండేది కాదు. పని చేయించుకునేటప్పుడు అడ్డురాని వయసు సంఘం పెట్టుకునేటప్పుడు అడ్డొచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థలో మాట్లాడే హక్కున్నది ప్రభుత్వాలకు, యజమానులకు, కార్మిక సంఘాలకు. పిల్లలు ఈ మూడింట్లో దేనికీ చెందరు.

అందుకే వాళ్లు అంతర్జాతీయ సభల్లో అతిథులుగానే మిగిలారు. 1997 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన బాలకార్మిక సదస్సుకు పనిపిల్లల ప్రతినిధులు ఎనిమిది మంది వెళ్లి మంత్రుల ముందు మాట్లాడారు. అదే ఏడాది అక్టోబరులో ఓస్లో సదస్సు నాటికి ఆ సంఖ్య మూడుకు పడిపోయింది.

జెనీవా నడక

మరో దారిలో నడిచినవాళ్లూ ఉన్నారు. 1998 జనవరి 17న మనీలాలో మొదలైన బాలకార్మిక వ్యతిరేక ప్రపంచయాత్ర, నిర్వాహకుల లెక్క ప్రకారం 103 దేశాల్లో 80 వేల కిలోమీటర్లు సాగి, జూన్‌లో జెనీవా చేరింది. దాన్ని ముందుండి నడిపింది బాలల హక్కుల ఉద్యమకారుడు కైలాస్ సత్యార్థి. నడిచినవాళ్లలో వెట్టి నుంచి, తివాచీ మగ్గాల నుంచి బయటపడ్డ పిల్లలున్నారు. వాళ్ల మాట సూటిగా ఉంది: పని వద్దు, చదువు కావాలి. కార్మిక సంస్థ వార్షిక సమావేశం జరిగే మందిరంలోకి వాళ్లను రానిచ్చారు. మరుసటి ఏడాది, 1999 జూన్ 17న, అతి ఘోరమైన బాలకార్మిక రూపాలను నిషేధించే 182వ ఒడంబడిక ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

పిల్లల నడకకూ ఆ ఓటుకూ సంబంధం లేదనలేం. అయితే ఆ ఒడంబడిక ఇంటింటికీ చేరడానికి పట్టిన కాలమూ చూడాలి. మన దేశం దాన్ని, పని వయసుకు సంబంధించిన 1973 నాటి 138వ ఒడంబడికతో కలిపి, 2017 జూన్ 13న ధ్రువీకరించింది. జెనీవాకు నడిచిన పదేళ్ల పిల్లకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. 2020 ఆగస్టులో టోంగా ధ్రువీకరణతో 182వ ఒడంబడికను సభ్యదేశాలన్నీ ఒప్పుకున్నట్టయింది. ప్రపంచవ్యాప్తంగా పనిచేసే పిల్లల సంఖ్య 2000లో 24.6 కోట్లుగా అంచనా కట్టారు. 2024 నాటికి అది 13.8 కోట్లకు తగ్గింది. తగ్గుదల నిజమే. ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న గడువు ప్రకారం 2025 నాటికి ఒక్కరూ మిగలకూడదన్నదీ నిజమే.

జీతగాడి యజమానే సర్పంచి

కుందాపురం మాటను తెలుగునేలలో గట్టిగా కాదన్నది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. చరిత్రకారుడు వెంకటరంగయ్య పేరిట 1981లో పరిశోధన సంస్థగా మొదలైన దీన్ని ఆయన మనవరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యురాలు శాంతా సిన్హా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల వైపు మళ్లించారు. ఆ సంస్థ సూత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా లేదు. రాత్రిబడులు, సగంపూట బడులు కుదరవు. అందరూ పగటిపూట నడిచే సర్కారు బడిలోనే ఉండాలి. పేదవాళ్లు పిల్లల్ని చదివించాలనుకోరన్న మాట అబద్ధమని, దారి చూపిస్తే ముందుకొస్తారని ఆ సంస్థ వాదన.

ఊళ్లో దిగాక ఒక చిక్కు ఎదురైంది. నగరంలో యజమాని వేరు, నాయకుడు వేరు. పల్లెలో ఇద్దరూ తరచుగా ఒక్కరే. అప్పు కింద పసులకాడికి జీతం ఉంటున్న పిల్లవాణ్ణి విడిపించాలంటే ఎవరితో మాట్లాడాలో, ఆ పిల్లవాడి చేత పసులు మేపించుకుంటున్నదీ ఆయనే. కేసులు పెడితే ఊరు రెండుగా చీలుతుంది, పిల్లవాడు మధ్యలో నలుగుతాడు. అందుకని సంస్థ కార్యకర్తలు దొరల్ని, సర్పంచుల్ని, పంతుళ్లని, యువజన సంఘాల్ని ఒకే సభలో కూర్చోబెట్టే దారి పట్టారు. పిల్లవాణ్ణి వదిలేసిన ఆసామికి ఊరి ముందు సన్మానం జరిగేది. అంతకుముందు అదే జీతం చేసి, శిబిరంలో చదువు అందుకుని బడిలో చేరిన పిల్లలు ఆ సభల్లో లేచి మాట్లాడేవాళ్లు. పరువు కోసం వదిలినవాళ్లున్నారు, నిజంగా మనసు మారినవాళ్లూ ఉన్నారు. పిల్లవాడికి రెండూ ఒకటే.

బడికి దూరమైన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చేందుకు నడిపిన బ్రిడ్జి కోర్సు శిబిరాలు తర్వాత ప్రభుత్వ పథకాల్లోకి ఎక్కాయి. పది లక్షలకు పైగా పిల్లలు పని మానేలా చేశామని సంస్థ చెబుతుంది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

క్రాసింగ్ కాలం

ఈ పద్ధతికి అసలు పరీక్ష సీడ్ పత్తి చేలల్లో ఎదురైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించడమంటే ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవడం. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వెతికి, రేకులు తీసేసి, లోపలి కేసరాలను గోటితో ఒలిచేయాలి. కీలాగ్రానికి గీత పడకూడదు. తెల్లారాక మగచెట్టు పువ్వును తెచ్చి దాని మీద రాయాలి. దీన్నే చేలల్లో ‘క్రాసింగ్’ అంటారు. చెట్టుకు రోజూ మొగ్గలు వస్తూనే ఉంటాయి కనక రోజూ చేయాలి, రెండు మూడు నెలలు ఎడతెగకుండా. జూన్‌లో బడి తెరిచాక పిల్లలు కుదురుకునే వేళకే క్రాసింగ్ మొదలవుతుంది. పురుగుమందు కొట్టిన చేలో, చెట్ల మధ్య నించునే ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టేవాళ్లు. వేళ్లు సన్నగా ఉంటాయని, ఎత్తు సరిపోతుందని చెప్పేవాళ్లు. అసలు కారణం కూలి తక్కువ కావడం, ముందే అడ్వాన్సు ఇచ్చేస్తే సీజనంతా తప్పకుండా రావడం.

ఇక్కడ పిల్లలు ఎవరిని నిలదీయాలి? చేను రైతుది. రైతుకు డబ్బు పెట్టేది సీడ్ ఆర్గనైజర్. ఆర్గనైజర్ వెనక కంపెనీ. విత్తనానికి కొనుగోలు ధర కట్టేది కంపెనీయే. ఆ ధరకు పెద్దకూలీలను పెట్టుకుంటే గిట్టదని రైతులు వాదించారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఈ గొలుసును లెక్కలతో సహా బయటపెట్టాక, 2003 నుంచి విత్తన కంపెనీలు వెంకటరంగయ్య ఫౌండేషన్‌తో చర్చలకు కూర్చున్నాయి. కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతుకు ధర మీద అదనపు బోనస్ ఇచ్చాయి, చేలల్లో తనిఖీలు పెట్టాయి. వాళ్ల పొలాల్లో పిల్లలు తగ్గారు. తనిఖీ లేని చిన్న కంపెనీల పొలాల్లో, బంధువుల పిల్లలం అని చెప్పించే కుటుంబ కమతాల్లో అంతగా తగ్గలేదు. 2016 చట్టసవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అన్ని పనులనూ నిషేధించింది గానీ, బడివేళల తర్వాత, సెలవుల్లో ఇంటిపనికీ కుటుంబ వృత్తికీ మినహాయింపు ఇచ్చింది. సొంతచేనా, కూలిచేనా అని గట్టు మీద నిలబడి తేల్చడం తనిఖీ అధికారికి సాధ్యం కాదు. ఊరివాళ్లకైతే ఎవరు ఎవరి పిల్లలో తెలుసు.

కెరాడి లెక్కలు

ఇక్కడే రెండు శిబిరాల దారులు కలిసిన విచిత్రం కనిపిస్తుంది. పని హక్కు అన్న భీమసంఘ, పనే వద్దన్న వెంకటరంగయ్య ఫౌండేషన్ సిద్ధాంతంలో ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఆచరణలో ఇద్దరూ చేరింది గ్రామ పంచాయతీ గుమ్మానికే.

కుందాపురం తాలూకా కెరాడిలో 1990ల మధ్యలో పిల్లలు మక్కళ పంచాయతీని, అంటే పిల్లల పంచాయతీని, ఓట్లు వేసి ఎన్నుకున్నారు. పనికెళ్లే పిల్లలకు, ఆడపిల్లలకు అందులో చోటు ఉండేలా చూసుకున్నారు. పెద్దల్లో తమకు నమ్మకమున్న ఒకరిని ‘మక్కళ మిత్ర’గా ఎంచుకున్నారు. పిల్లల ప్రతినిధులు, అసలు పంచాయతీ అధ్యక్షుడు, అధికారులు కలిసి కూర్చునే కార్యదళం ఒకటి ఏర్పడింది.

పిల్లలు అక్కడికి నినాదాలతో వెళ్లలేదు, లెక్కలతో వెళ్లారు. బడి మానేసినవాళ్లు ఎందుకు మానేశారో ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. చెల్లిని చూసుకోవాలని కొందరు, కట్టెలకు పోవాలని కొందరు. వానాకాలం వాగు దాటలేక నెలల తరబడి ఇంట్లో ఉండిపోయి, తర్వాత పనికి కుదిరినవాళ్లు కొందరు. ఏ వాగు మీద వంతెన లేదో, ఎంతమంది దాటుతారో జాబితా రాశారు. ఇవన్నీ పంచాయతీ అధ్యక్షుడి చేతిలో ఉన్న పనులే. శిశుసంరక్షణ కేంద్రం, కాలివంతెన, బడి మరుగుదొడ్డి లాంటివాటికి జెనీవా దాకా పోనక్కర్లేదు. మర్నాడు ఆ అధ్యక్షుడు అదే దారిన పోతుంటే ఆ పిల్లలే ఎదురొస్తారు కూడా.

ఈ అనుభవం చూసి 2006లో కర్ణాటక ప్రభుత్వం రాష్ట్రంలోని గ్రామ పంచాయతీలన్నీ ఏటా పిల్లల గ్రామసభ పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. గత సభలో అడిగినవాటిలో ఏవి చేశారో ముందు చదివి వినిపించడం పద్ధతి. మంచి పంచాయతీల్లో అభివృద్ధి అధికారికి చెమటలు పట్టే పూట అది. బడి పక్కన మద్యం దుకాణం, రాని బస్సు, కూలిపోయిన ప్రహరీ, పెళ్లి కుదిర్చేసిన ఎనిమిదో తరగతి స్నేహితురాలు అన్నీ బయటికొస్తాయి. చాలాచోట్ల మాత్రం అది మొక్కుబడి. పంతులు రాసిచ్చిన ప్రశ్నను చదివి కూర్చునే పిల్లలు, నీళ్ల సీసా ఖాళీ అయ్యేలోగా లేచిపోయే అధ్యక్షులు. అన్నింటికంటే పెద్ద లోటు, ఉత్తర్వు వచ్చాక సభను బడి ద్వారా నడపడంతో బడిలో లేని పిల్లలు సభలోనూ లేకుండా పోవడం. పనిపిల్లలు పుట్టించిన వేదిక బడిపిల్లల వేదికగా మారింది.

లా పాజ్ మలుపు

పిల్లలు దేశాధ్యక్షుణ్ణే కదిలించిన సందర్భం బొలీవియాది. 2013 డిసెంబరులో పని వయసును పద్నాలుగేళ్లకు బిగించే బిల్లుకు వ్యతిరేకంగా పనిపిల్లల సంఘం లా పాజ్ వీధుల్లోకి వచ్చింది. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఆ దృశ్యాలు చూసి దేశం ఉలిక్కిపడింది. చిన్నతనంలో తానూ పనిచేసిన అధ్యక్షుడు ఈవో మొరాలెస్ కొద్దిరోజుల్లోనే పిల్లల ప్రతినిధులను పిలిపించుకున్నారు. 2014లో వచ్చిన చట్టం పదేళ్లు దాటినవాళ్లు సొంతంగా, పన్నెండేళ్లు దాటినవాళ్లు ఒకరి దగ్గర అనుమతితో పనిచేయొచ్చంది. కార్మిక సంస్థ అభ్యంతరం చెప్పింది. అనుమతులు ఇవ్వాల్సిన, పిల్లల్ని కాపాడాల్సిన పురపాలక కార్యాలయాలకు తగినంత సిబ్బంది, డబ్బు ఎప్పుడూ రాలేదు. 2018 చివర్లో చట్టాన్ని సవరించి వయసును మళ్లీ పద్నాలుగుకు తెచ్చారు. పిల్లల మాటను అధ్యక్షభవనం వింది. అమలు చేయాల్సిన కింది కార్యాలయం దగ్గర ఆ మాటకు దిక్కులేదు.

నాయకుడు ఏ ఊళ్లో ఉన్నట్టు?

పంచాయతీ దగ్గరి నాయకుడు సరే, పిల్లవాడే ఊరు దాటిపోతే? 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ భవానీనగర్‌లో పోలీసులు గాజుల కార్ఖానాల మీద దాడి చేసి రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. చాలామంది బీహార్ పిల్లలు. భాష రాదు, ఊరి పేరు తప్ప చిరునామా చెప్పలేరు. వాళ్లను రైలెక్కించాక ఆ ఊరి పంచాయతీ ముఖియా వాళ్లను బడిలో చేర్పించాడో, మళ్లీ దళారీ చేతిలో పెట్టాడో ఇక్కడి అధికారికి తెలిసే ఏర్పాటు లేదు. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పిల్లల్ని వెతుకుతారు. దొరికిన పిల్లల లెక్క నెలాఖరుకు పత్రికల్లో వస్తుంది. ఏడాది తర్వాత వాళ్లెక్కడున్నారన్న లెక్క రాదు.

కొంత భిన్నంగా జరిగింది ఇటుక బట్టీల దగ్గర. ఒడిశాలోని బలంగీర్, నువాపడ వైపు నుంచి కుటుంబాలతో వచ్చే పిల్లల కోసం రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలో స్వచ్ఛంద సంస్థల తోడుతో బట్టీల పక్కనే ఒడియా మాధ్యమం బడులు నడిపారు. అక్కడి పుస్తకాలు, అక్కడి పంతుళ్లే. బట్టీ యజమానిని కూర్చోబెట్టి ఒప్పించింది పోలీసు అధికారి. వలసపిల్లలకు సర్పంచి లేనిచోట ఆ పాత్ర ఆయన పోషించినట్టయింది. కానీ అధికారి బదిలీ అవుతాడు.

లెక్కల దగ్గరే మరో మడతపేచీ ఉంది. 2001 జనగణనలో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లు 1.26 కోట్లు. 2011కు అది 43.5 లక్షలకు దిగిందని ప్రభుత్వ పత్రాలు తరచూ చెబుతాయి. మొదటి అంకెలో ఏడాదిలో కొన్నాళ్లే పనిచేసినవాళ్లూ ఉన్నారు, రెండోదాంట్లో లేరు. వాళ్లనూ కలిపితే 2011లో సంఖ్య కోటి దాటుతుంది. రెండు మూడు నెలల క్రాసింగ్‌కు వెళ్లే పిల్ల మాయమయ్యేది సరిగ్గా ఈ సందులోనే.

రెండు కుర్చీలు

కేంద్ర సమగ్ర బాలల పరిరక్షణ పథకం మార్గదర్శకాలు ప్రతి ఊళ్లో బాలల పరిరక్షణ కమిటీ ఉండాలన్నాయి. అధ్యక్షస్థానం సర్పంచిది. సభ్యుల్లో ఇద్దరు పిల్లలు. అంటే కెరాడి పిల్లలు పోరాడి తెచ్చుకున్న చోటు కాగితం మీద ప్రతి తెలుగు పల్లెకూ ఏనాడో వచ్చింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ గ్రామాభివృద్ధికి ఎంచుకున్న తొమ్మిది అంశాల్లో బాలల హిత గ్రామం కూడా ఒకటి.

ఆచరణకు వస్తే తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఒక్కో అధికారికి సొంత ఉద్యోగం ఒకటి, అదనంగా పంచాయతీలు. దాదాపు రెండేళ్లు పిల్లలకు నిలదీయడానికి మనిషే లేడు. ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చారు. కమిటీల్లో ఆ ఇద్దరు పిల్లలు ఎవరన్నది వాళ్లు తేల్చాల్సిన మొదటి విషయాల్లో ఒకటి. ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగితే తరగతిలో ఫస్టు వచ్చే పిల్ల పేరు చెబుతాడు. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడిగితే నిరుడు క్రాసింగ్‌కు వెళ్లి బడికి ఆలస్యంగా తిరిగొచ్చిన పిల్ల ఎవరో, మేకల వెంట పోయి అసలు తిరిగిరాని పిల్లవాడు ఎవరో చెప్పగలరు. గద్వాల చేలల్లో సీడ్ పత్తికి ఆర్గనైజర్లు అడ్వాన్సులు ఇచ్చేది క్రాసింగ్‌కు చాలా ముందే. కమిటీ కూర్చోవలసింది ఆ అడ్వాన్సుల కంటే ముందు.